సర్ పీటర్ మెడవార్ – దేహసహన రహస్యము

ఒకరి రక్తమును వేరొకరికి ఎక్కించుట సాధ్యమైన పిదప కూడ, ఒకరి చర్మము వేరొకరి దేహమున నిలువకపోవుట వైద్యులకు చిరకాలము అంతుపట్టని సమస్యగా నుండెను. దాని మూలమును కనుగొని, అవయవ మార్పిడికి శాస్త్రీయమైన పునాది వేసిన మహనీయుడు సర్ పీటర్ మెడవార్.

ఆయన 1915వ సంవత్సరము ఫిబ్రవరి 28వ తేదీన బ్రెజిల్ దేశమందు జన్మించెను. తండ్రి లెబనాను దేశీయుడు. తల్లి ఆంగ్లేయ వనిత. బాల్యమందే ఇంగ్లండు చేరి, ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున జంతుశాస్త్రము నభ్యసించెను.

రెండవ ప్రపంచ సంగ్రామము ఆయన జీవితమును మలుపు త్రిప్పెను. విమానము కూలి, ఒడలు కాలిన ఒక యువ వైమానికునికి సాయపడుమని వైద్యులు ఆయనను కోరిరి. రోగి సొంత చర్మము చాలదు. పరుల చర్మము నిలువదు. ఆ దైన్యమును కన్నులార చూచిన మెడవార్ గ్లాస్గో నగరమునకేగి, థామస్ గిబ్సన్ అను శస్త్రవైద్యునితో కలిసి పరిశోధన సాగించెను. కాలిన గాయములతోనున్న ఒక రోగికి ఆమె సోదరుని చర్మపు తునకలను అతికించిరి. మొదటి విడత తునకలు కొన్నాళ్ళు నిలిచి నశించెను. రెండవ విడతవి అంతకంటె త్వరగా నశించెను. దేహము మొదటి పరిచయమును జ్ఞాపకముంచుకొనెనన్నమాట. రోగనిరోధక శక్తియే పరాయి చర్మమును త్రోసివేయుచున్నదని 1943లో వారు నిరూపించిరి.

పిమ్మట ఆయన కవల దూడలను పరీక్షించెను. ఏకరూప కవలలు కానివి సైతము ఒకదాని చర్మమును మరియొకటి స్వీకరించుట చూచి ఆశ్చర్యపడెను. తల్లి గర్భమందే వాని రక్తము కలిసిపోవుటయే అందులకు కారణము. బిల్లింగ్‌హామ్, బ్రెంట్ అను సహచరులతో కలిసి ఆయన ప్రకృతి చేసిన ఈ పనిని ఎలుకలలో తానును చేసి చూపెను. గర్భస్థ పిల్లలకు వేరొక వంశపు ఎలుక కణములను ఎక్కింపగా, అవి పెరిగిన పిదప ఆ వంశపు చర్మమును తమదిగా నుంచుకొని, ఇతర వంశముల చర్మమును యథాప్రకారము త్రోసివేసెను. 1953లో వెలువడిన ఈ సహన సిద్ధాంతమునకు 1960లో బర్నెట్ పండితునితోపాటు ఆయనకు నోబెల్ బహుమతి లభించెను.

కాని పెరిగిన మనుష్యునికి ఈ పద్ధతి పనికిరాదు. కావున మందులే శరణ్యమాయెను. కార్టిసోను కుందేళ్ళలో చర్మపు అతుకును ఎక్కువ కాలము నిలుపునని 1951లో మెడవార్ బృందమే చూపియుండెను. పిదప అజాథయోప్రిను, సైక్లోస్పోరిను మూత్రపిండ మార్పిడిని నిత్యచికిత్సగా మార్చెను. ఆంధ్రుడైన ఎల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వమున లెడర్లీ ప్రయోగశాలలో వెలువడిన మెథోట్రెక్సేటు ఎముకమజ్జ మార్పిడిలో ఇట్టి పనికే ఉపయోగపడుచున్నది.

అయితే అణచుట వేరు, సహనము వేరు. మందు దేహరక్షణనంతను అణచును. తత్ఫలితముగా అంటురోగములు, క్యాన్సరు పొంచియుండును. మందు మానినచో అవయవమే పోవచ్చును. సహనమన్ననో ఒక్క దాతను మాత్రమే మన్నించి, తక్కిన శత్రువులపై కావలి విడువదు. వేరొక చిక్కు కూడ కలదు. సైక్లోస్పోరిను అడ్డగించు సంకేతమే సహనమును నిలుపు నియంత్రణ కణములకును అవసరము. అవయవమును కాపాడు మందే సహనమునకు అడ్డు కావచ్చునని జంతు ప్రయోగములు తెలిపెను. రాపమైసిను ఆ కణములను అంతగా బాధింపదు.

1969లో పక్షవాతము సోకి ఎడమ భాగము చచ్చుబడినను, మెడవార్ పరిశోధనమును, రచనను విడువలేదు. 1987 అక్టోబరు 2వ తేదీన లండనులో పరమపదించెను. ఆయన నాటిన బీజము వ్యర్థము కాలేదు. ఒకే దాతనుండి మూత్రపిండమును, ఎముకమజ్జను స్వీకరించిన ఐదుగురిలో నలుగురు మందులు మానగలిగిరని 2008లో బోస్టను వైద్యులు ప్రకటించిరి. దాత కణములతో దేహమునకు ముందుగా చెలిమి కూర్చవలెనన్న మెడవార్ మార్గమే అది. పెక్కుమంది రోగులకు మందులు నేటికిని తప్పవు. కాని చేరవలసిన గమ్యమును చూపినవాడు ఆయనయే.