డకోటా కథానిధి: ఎల్లా డెలోరియా

ఉత్తర అమెరికా మైదానాలలోని డకోటా, లకోటా ప్రజల చరిత్ర తరతరాలుగా పెద్దల నోట నిలిచినది. దానిని వారి భాషలోనే అక్షరబద్ధం చేసిన విదుషీమణి ఎల్లా డెలోరియా. ఆమె 1889లో యాంక్టన్ డకోటా కుటుంబంలో జన్మించారు. తండ్రి క్రైస్తవ మతాచార్యులు. స్టాండింగ్ రాక్ ప్రాంతంలో పెరిగినందున లకోటా మాండలికం కూడా ఆమెకు అలవడినది.

ఆమె కొలంబియా విశ్వవిద్యాలయంలో చదువుతుండగా మానవశాస్త్ర పండితుడు ఫ్రాంజ్ బోయాస్ ఆమె భాషాజ్ఞానాన్ని గుర్తించారు. తరువాతి కాలంలో ఆయన కోసం ఆమె ఊరూరా తిరిగి కథలు సేకరించారు. కథ చెప్పే వృద్ధుల వద్దకు మాంసమో, మరేదైనా ఆహారమో తీసికొని బంధువువలె వెళ్ళడం ఆమె నియమం. వట్టి చేతులతో పోతే తాను పరాయిదానినవుతానని బోయాస్‌కు లేఖ వ్రాశారు. పెద్దల ఇంటికి రిక్తహస్తాలతో పోరాదని మన ఇండ్లలోనూ చెప్పుదురు గదా! ఆమెకు లభించిన పారితోషికం మాత్రం స్వల్పం. ఉన్నత పట్టా లేనందున స్థిరమైన ఆచార్యపదవి కూడా దక్కలేదు. ఇది మాకు బాధ కలిగించే విషయం.

ఒకప్పుడు వాకర్ అనే వైద్యుడు ప్రకటించిన పురాణగాథలను సరిచూడుమని బోయాస్ కోరారు. ఎందరు వృద్ధులను విచారించినా వాటిలో అనేకం ఎవరికీ తెలియవని తేలినది. గురువుకు రుచించకపోయినా ఆమె ఆ మాటే తెలియజేశారు. ఆమె శీలాన్ని తెలుపడానికి ఈ ఒక్క ఘట్టం చాలునని మా అభిప్రాయం.

1932లో 'డకోటా టెక్స్ట్స్' వెలువడినది. స్త్రీల జీవితంపై 1940వ దశకంలో రచించిన 'వాటర్‌లిలీ' నవల 1988లో గాని అచ్చు కాలేదు. ఆమె 1971లోనే కన్నుమూశారు. అప్పటికి నిఘంటువు పని ఇంకా సాగుతూనే ఉన్నది.