మూడోసారి పరీక్ష రాసిన సుబ్బారావుగారు

మన యూనియన్ సంచికలో ఏటా పూర్వవిద్యార్థుల కబుర్లకి కొన్ని పేజీలు కేటాయిస్తారు. ఎవరు కలెక్టరయ్యారు, ఎవరు అమెరికాలో స్థిరపడ్డారు, ఎవరింట శుభకార్యం జరిగింది, ఎవరు కాలం చేశారు, అన్నీ ఉంటాయి. పుస్తకం చేతికి రాగానే నేను ముందు ఆ పేజీలే తిరగేస్తాను. అయితే వాటిల్లో పరీక్ష తప్పినవాడి కబురు ఒక్కటీ కనబడదు. తప్పినవాళ్ళు లేక కాదు. వాళ్ళు ఉత్తరం రాయరు, రాయమని మనమూ అడగం.

అందుకని ఈసారి నేను ఒక పాత విద్యార్థి గురించి రాస్తున్నాను. ఆయన మన కాలేజీలో చదివినవారు కారు. మద్రాసు మెడికల్ కాలేజీ విద్యార్థి. కానీ మన బయోకెమిస్ట్రీ ల్యాబులో ఆయన పేరు పలకకుండా ఏ సంవత్సరమూ గడవదు. భాస్వరం ఎంత ఉందో కొలిచే ప్రాక్టికల్ గుర్తుందా? పరీక్షనాళికలో మాలిబ్డేట్ పోసి, తరువాత ఇంకో ద్రావకం కలిపితే నీలిరంగు వస్తుంది. ఆ రంగు ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఎక్కువన్నమాట. దాని పేరు ఫిస్క్-సుబ్బారావు పద్ధతి. మొదటిసారి విన్నప్పుడు ఈ సుబ్బారావెవరో మన గైడు రాసిన లెక్చరరు కాబోలు అనుకున్నాను. నా అజ్ఞానానికి మీరు నవ్వుకోవచ్చు.

ఆయన యల్లాప్రగడ సుబ్బారావుగారు. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథంగారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. తల్లి వెంకమ్మగారు. పిల్లలు చాలామంది, రాబడి తక్కువ. పదమూడేళ్ళ వయసులో సుబ్బారావుగారు ఇల్లు విడిచి కాశీకి బయలుదేరారట. అక్కడ యాత్రికులకి అరటిపళ్ళు అమ్మి డబ్బు గడిద్దామని ఆలోచన. తల్లి పట్టుకొచ్చి మళ్ళీ బడిలో కూర్చోబెట్టింది. తండ్రి పోయాక కూడా ఆవిడ పట్టు విడవలేదు, నగలమ్మి చదివించింది. ఆ కొడుకు మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పాడు. మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి రాసి గట్టెక్కాడు.

ఇక్కడ నా సంగతి ఒక్క ముక్క చెప్పుకోక తప్పదు. మాది వ్యవసాయ కుటుంబం. నాకు మొదటి సంవత్సరం కెమిస్ట్రీ పేపరు ఒకటి పోయింది. మళ్ళీ రాశాను, మళ్ళీ పోయింది. రెండోసారి తెలిసిన రోజున మా నాన్న ఏమీ అనలేదు. ఊడ్పులకి మనిషి తక్కువగా ఉన్నాడు రమ్మని మాత్రం ఫోను చేశాడు. వెళ్ళాను. నారు కట్టలు మోస్తూ ఇక తిరిగి రాకూడదనే అనుకున్నాను. సుబ్బారావుగారి జీవితం చదివింది ఆ వారంలోనే.

ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్ అయ్యాక ఆయనకి రామకృష్ణ మఠంలో చేరి సన్యసించాలని మనసైంది. తల్లి ఒప్పుకోలేదు. మఠం వాళ్ళే వైద్యం చదివి జనానికి సేవ చెయ్యమని సలహా ఇచ్చారట. అలా మెడికల్ కాలేజీలో చేరారు. 1919లో అనపర్తి వారి అమ్మాయి శేషగిరిగారితో పెళ్ళయింది. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు చదువుకి అండగా నిలిచారు. అవి గాంధీగారి పిలుపు దేశమంతా మార్మోగుతున్న రోజులు. సుబ్బారావుగారు ఆపరేషన్ గదికి ఖద్దరు దుస్తులతో వెళ్ళారు. అది సర్జరీ ప్రొఫెసరైన ఇంగ్లీషు దొరకి కంటగింపు అయింది. మిగతా పరీక్షలు బాగానే రాసినా ఆయనకి ఎం.బి.బి.ఎస్. ఇవ్వలేదు, దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. చేతిలో పెట్టారు. ఆ సంవత్సరం ఆ కాలేజీ పూర్వవిద్యార్థుల పట్టిక వేసి ఉంటే ఆయన పేరు ఎక్కడో అడుగున ఉండేది. సర్కారు వైద్యశాఖలో ఉద్యోగానికి ప్రయత్నించారు, రాలేదు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం పాఠాలు చెప్పుకున్నారు.

అంతకంటే పెద్ద దెబ్బ ఇంట్లో తగిలింది. ఒక అన్న, ఒక తమ్ముడు కొద్దిరోజుల ఎడంలో పోయారు. స్ప్రూ అనే జబ్బు. తిన్నది ఒంటికి పట్టదు, రక్తం విరిగిపోతుంది, మనిషి కరిగిపోతాడు. అప్పటికి దానికి మందు లేదు.

మామగారి సహాయంతోనూ, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి సహాయంతోనూ సుబ్బారావుగారు ఓడెక్కారు. 1922 అక్టోబరు 26న బోస్టన్‌లో దిగి హార్వర్డ్ ఉష్ణమండల వైద్య విద్యాలయంలో చేరారు. ఎల్.ఎం.ఎస్.కి అక్కడ విలువ లేదు. పొట్ట గడవడానికి రాత్రుళ్ళు ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని చేశారు. పగలు చదువు. తరువాత సైరస్ ఫిస్క్ దగ్గర బయోకెమిస్ట్రీ పరిశోధనలో చేరారు. ఆ నీలిరంగు పద్ధతి 1925లో వెలువడింది. నూరేళ్ళు దాటింది. అయినా విద్యార్థులు ఇంకా ఆ నాళికలు కలుపుతూనే ఉన్నారు. మా చేనులో వేసే సూపర్ ఫాస్ఫేట్ పనిచేసిందో లేదో మట్టి పరీక్షలో చూసేదీ ఈ నీలిరంగు సూత్రం మీదనే.

భాస్వరాన్ని అంత సున్నితంగా కొలవగలగడంతో ఇంకో తలుపు తెరుచుకుంది. కండరం కదలడానికి బలం లాక్టిక్ ఆమ్లం నుంచి వస్తుందని అప్పటి శాస్త్రజ్ఞుల నమ్మకం. కండరం మీద చేసిన ఆ పనికే 1922 నోబెల్ బహుమతి కూడా ఇచ్చారు. ఫిస్క్, సుబ్బారావుగార్లు 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ ఉందని చూపించారు. 1929లో ఏ.టి.పి.ని వేరు చేశారు. అదే సంవత్సరం జర్మనీలో లోమన్ కూడా విడిగా కనిపెట్టారు. కండకి బలం ఇచ్చేవి ఈ భాస్వర పదార్థాలని క్రమంగా తేలింది. నాగలి పట్టిన చెయ్యయినా, పుస్తకం తిప్పే వేలయినా కదిలేది ఏ.టి.పి. వల్లనే. 1930లో ఆయనకి పిహెచ్.డి. వచ్చింది. అదే ఫిస్క్ దగ్గర పనిచేసిన జార్జ్ హిచింగ్స్ 1988లో నోబెల్ అందుకున్నారు. సుబ్బారావుగారికి మాత్రం హార్వర్డ్ స్థిరమైన పదవి కూడా ఇవ్వలేదు.

1940లో ఆయన న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్ ఊళ్ళో లెడర్లీ మందుల సంస్థలో చేరారు. పరిశోధనలన్నిటికీ డైరెక్టరయ్యారు. ఆ ఎనిమిదేళ్ళలో జరిగిన పని చూస్తే ఒక మనిషి ఆయుష్షుకి మించినదనిపిస్తుంది. బొంబాయిలో గర్భిణుల రక్తహీనతని గమనించిన లూసీ విల్స్ అనే డాక్టరమ్మ, ఈస్టు సారంలో దాన్ని తగ్గించే గుణమేదో ఉందని అంతకుముందే చెప్పి ఉన్నారు. ఆ గుణం ఫోలిక్ ఆమ్లానిది. సుబ్బారావుగారి బృందం 1945లో దాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. అది స్ప్రూకి పనిచేసింది. అన్నదమ్ములిద్దరినీ తీసుకుపోయిన జబ్బుకి పాతికేళ్ళ తరువాత ఆయన చేతి మీదుగానే మందు వచ్చింది. ఇవాళ మన ఊళ్ళల్లో గర్భిణులకి ఇచ్చే ఐరన్ మాత్రలో కలిసి ఉండేది ఈ ఫోలిక్ ఆమ్లమే.

1947లో బోదకాలుకి హెట్రజాన్ వచ్చింది. డి.ఇ.సి. మాత్రలని ఇంటింటికీ తెచ్చి ఎదుట మింగించి వెళతారే, అదే. మా ఊళ్ళో ఒకప్పుడు వీధికొకరికి బోదకాలు ఉండేదని మా నాయనమ్మ చెబుతుంది. నా ఈడువాళ్ళల్లో నేను ఒక్కరినీ చూడలేదు. ఆ మాత్ర తెలుగువాడి చేతి చలవ అని మాత్రం మా ఊళ్ళో ఎవరికీ తెలియదు. నేను చెబితే నమ్మడానికి కాస్త టైము పట్టింది.

ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి దాని పనికి అడ్డుపడే మందుల్ని కూడా ఆ బృందమే చేసింది. వాటిల్లో అమినోప్టెరిన్ అనేదాన్ని బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్తపు కేన్సర్ ఉన్న పిల్లలకి ఇచ్చి చూశారు. పదహారు మందిలో పదిమందికి గుణం కనిపించిందని 1948లో ప్రకటించారు. గుణం కొంతకాలమే నిలిచింది, కానీ ఆ జబ్బు వెనక్కి తగ్గడమన్నది అంతవరకూ లేదు. ఆ కోవలోని మెథోట్రెక్సేట్ ఈనాటికీ కేన్సర్‌కీ, కీళ్ళవాతానికీ వాడుతున్నారు. ఆయన హయాంలోనే వృద్ధ శాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశారు. టెట్రాసైక్లిన్ మందుల్లో అదే మొదటిది. 1948 ఆగస్టులో ఒక రాత్రి పడుకున్న సుబ్బారావుగారు మరి లేవలేదు. గుండె ఆగింది. వయసు 53.

ఇంతా రాసి ఒక మాట దాచడం ధర్మం కాదు. ఆయన ఓడెక్కాక శేషగిరిగారికి కొడుకు పుట్టాడు. నెలల బిడ్డగానే పోయాడు. తండ్రి ఆ బిడ్డని చూడలేదు. ఆయన మళ్ళీ ఇండియాకీ రాలేదు, ఆవిడని తీసుకెళ్ళనూ లేదు. ఇరవై ఆరేళ్ళు ఆవిడ ఎదురుచూసింది. ప్రపంచానికి దొరికిన మందుల్లో ఆవిడ వాటా ఎంతో కొలవడానికి ఏ పద్ధతీ లేదు. మహనీయుల చరిత్రలు రాసేటప్పుడు ఈ పుట కూడా తిప్పాలని నా మనవి.

1995లో మన ప్రభుత్వం ఆయన పేర తపాలా బిళ్ళ విడుదల చేసింది. అంతకు చాలా ముందే, 1953లో, ఒక శిలీంధ్రానికి సుబ్బరోమైసిస్ అని ఆయన పేరు పెట్టారు. నోబెల్ లేదు, హార్వర్డ్ పదవి లేదు, చివరికి ఎం.బి.బి.ఎస్. కూడా లేదు. మార్కుల పట్టికల్లో మాత్రమే వెతికితే ఆయన మనకి దొరకరు.

పరీక్ష తప్పినవాళ్ళందరూ సుబ్బారావులవుతారని నేననడం లేదు. అంత పిచ్చి భ్రమ నాకు లేదు. ఆయన ఆగిపోయి ఉంటే ఆగిపోవడానికి కావలసినన్ని కారణాలు ఉన్నాయి, ఆయన వాటిని వాడుకోలేదు అంటున్నాను. అంతే. ఊడ్పులు కాగానే నేను తిరిగొచ్చాను. ఆ పేపరు మూడోసారి రాశాను. ఈ సంచిక అచ్చయ్యేనాటికి ఫలితం తెలిసిపోతుంది. ఏదైనా సరే, వచ్చే ఏడు పూర్వవిద్యార్థుల పేజీల్లో తప్పినవాళ్ళకీ, మధ్యలో మానేసి ఊరెళ్ళినవాళ్ళకీ కొంచెం చోటు ఉంచమని సంపాదకవర్గాన్ని కోరుతున్నాను. మొదటి ఉత్తరం నేను తెచ్చిస్తాను. నా పాత రూమ్మేట్ ఇప్పుడు వాళ్ళ ఊళ్ళో చేపల చెరువు చూసుకుంటున్నాడు. వాడికీ చెప్పుకోవలసిన కబుర్లు చాలా ఉన్నాయి.