కాకినాడకు చేరిన ఆచార్యుడు

1964 డిసెంబరులో భువనేశ్వరమున మరణించిన ఒక మహాశాస్త్రజ్ఞుని దేహము కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు చేరెను. పరిశోధనకును బోధనకును తన దేహము నుపయోగింపవలసినదని ఆయనయే మరణశాసనము వ్రాసియుండిరి. ఆయన ఆచార్య జె.బి.ఎస్. హాల్డేను. భూమికి వెలుపల జీవము కలదా యని నేడు దేశదేశముల శాస్త్రజ్ఞులు మహాసభలు జరుపుచున్నారు. ఆ ప్రయత్నమునకు ఈయన చేసిన సేవను మన వారెందరెరుగుదురు?

హాల్డేను 1892 నవంబరు 5వ తేదీన ఆక్సుఫర్డులో జన్మించిరి. గనులలోని విషవాయువులను తానే పీల్చి పరీక్షించిన శరీరశాస్త్రవేత్త ఆయన తండ్రి. కుమారునకును ఆ సాహసమే అబ్బెను. గణితమును జీవశాస్త్రమునకు జోడించి ఆయన గొప్ప కీర్తి గడించిరి. 1929లో ప్రకటించిన యొక చిన్న వ్యాసమున జీవోత్పత్తిని చర్చించిరి. ప్రాణవాయువు లేని ఆదికాలమున సూర్యుని అతినీలలోహిత కిరణములు నీరు, బొగ్గుపులుసు వాయువు, అమ్మోనియాలపై బడి అనేక పదార్థములను పుట్టించెననియు, సముద్రము పలుచని వేడి చారువలె నయ్యెననియు, అందుండి జీవము క్రమముగా నేర్పడెననియు ఆయన యూహ. రష్యాలో ఒపారిను 1924లోనే ఇట్టి భావమును వెల్లడించియుండెను. హాల్డేను దాని నెరుగరు. జీవము రసాయన ధర్మములవలన గలిగినదైనచో, ఇచ్చట జరిగినది మరియొక గ్రహమున నేల జరుగరాదు? నేటి అన్వేషణ యంతయు ఈ ప్రశ్నపై నిలిచియున్నది.

సూయెజు దండయాత్రను నిరసించి హాల్డేను 1957లో స్వదేశమును వీడి కలకత్తా చేరిరి. పిదప భారత పౌరులైరి. ఆ నవంబరులో అమెరికా శాస్త్రజ్ఞుడు లెడర్‌బర్గు ఆయన యతిథి. స్పుత్నికులు ఆకాశమున దిరుగుచున్న దినములవి. ఆ రాత్రి చంద్రగ్రహణము. రష్యా విప్లవ వార్షికోత్సవమునకై చంద్రునిపై బాంబు ప్రేల్తురేమో యను మాట వారి సంభాషణలో వచ్చెను. రాజ్యముల ఆడంబరమునకు శాస్త్రము బలియగునని లెడర్‌బర్గు కలతచెంది, అన్యగ్రహములను మన సూక్ష్మజీవులతో కలుషితము చేయరాదని ఉద్యమించెను. 1967 నాటి అంతరిక్ష సంధి అట్టి హానికర కాలుష్యమును వర్జింపవలెనని విధించినది. 1976లో కుజునిపై దిగిన వైకింగు నౌకలను ముందుగా వేడిచే శుద్ధిచేసిరి. మన చేతి మురికిని అన్యలోకపు జీవమని భ్రమింపకుండుటకే ఈ కట్టుబాటు.

ఆయనను నిర్దోషియని మేము చెప్పము. లైసెంకో ప్రాబల్యమున రష్యాలో జన్యుశాస్త్రజ్ఞులు హింసింపబడుచుండగా, పక్షాభిమానముచే ఆయన సూటిగా ఖండింప వెనుదీసిరి. అధికారమునకు శాస్త్రము తలవంచరాదను పాఠము ఆయన గుణమునుండియే గాక లోపమునుండియు మనము నేర్వవలసియున్నది.

1963 అక్టోబరులో ఫ్లారిడాలో జీవోత్పత్తిపై జరిగిన సభలో ఒపారిను, హాల్డేనులు తొలిసారి కలిసికొనిరి. మరుసటి సంవత్సరము డిసెంబరు 1వ తేదీన వ్రణవ్యాధిచే హాల్డేను కన్నుమూసిరి.

అన్య నక్షత్రముల చుట్టు తిరుగు గ్రహములు ఐదువేలకు మించి కనుగొనబడినవి. జీవము మాత్ర మింకను కానరాలేదు. ఆ వెదకులాటలో మన యువకులకును పాలుండవలెను. పరదేశమున బుట్టి మన దేశమును తనదిగా నెంచి, తుదకు దేహమును సైతము ఆంధ్ర విద్యార్థులకు పాఠముగా నొసగిన ఆ మహనీయుని ఋణము విగ్రహములచే దీరదు. నిర్భయముగా ప్రశ్నించు విద్యచేతనే తీరును.