చెర వీడిన వేళ

గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1883 సెప్టెంబరు 14న కర్నూలులో జన్మించారు. పేదరికంలో పెరిగినా చదువులో అగ్రగణ్యులై చెన్నపట్టణంలో ఎం.ఎ. పట్టం పొందారు. ఆనాడు తెలుగునాట ఆ పట్టం గలవారు బహు స్వల్పం. ప్రభుత్వోద్యోగం ఆయనకు అందనిది కాదు. ఉపాధ్యాయ శిక్షణకై రాజమహేంద్రవరం చేరిన ఆయన జీవితాన్ని 1907లో అక్కడికి వచ్చిన బిపిన్ చంద్రపాల్ ఉపన్యాసాలు మలుపు తిప్పాయి. వందేమాతరం పతకాన్ని ధరించి తరగతికి వెళ్లిన నేరానికి అధికారులు ఆయనను కళాశాల నుండి బహిష్కరించారు. సర్కారు కొలువుకు అనర్హుడని శాసించారు.

పిమ్మట బెజవాడలో ‘స్వరాజ్య’ వారపత్రికను నెలకొల్పారు. 1908లో తిరునల్వేలిలో ప్రజలపై జరిగిన కాల్పులను గర్హిస్తూ అందులో వెలువడిన వ్యాసం రాజద్రోహంగా పరిగణింపబడింది. తొలుత విధించిన శిక్ష ఆరు నెలలే. అది చాలదని ప్రభుత్వమే పై న్యాయస్థానానికి వెళ్లి దానిని మూడేళ్లకు పెంచించింది. వేలూరు చెరసాలలో ఆయనను హంతకుల సరసన, బందిపోట్ల సరసన ఉంచారు. కాళ్లకు ఇనుప కడియాలు, పడుకోను ఈతచాప, కప్పుకోను గొంగళి: ఇదీ ఆ విద్వాంసునికి దక్కిన మర్యాద.

1911లో విడుదలైన నాటికి ఆయన వయస్సు ఇరవై ఎనిమిదేళ్లు. చెర తలుపు తెరచుకున్నది గాని ఇళ్ల తలుపులు తెరచుకోలేదు. పోలీసులు నీడవలె వెన్నాడుతున్న మనిషిని పలకరించడానికే జనం జంకారు. ఉద్యోగం లేదు, పత్రిక లేదు. కారాగారంలో కష్టాన్ని పంచుకోవడానికి తోటి ఖైదీలైనా ఉంటారు. వెలుపలి ఈ ఏకాంతం అంతకన్న దుస్సహం.

ఆ స్థితిలో ఆయనను చేరదీసినవారు కొమర్రాజు లక్ష్మణరావు. వయస్సులో ఆరేళ్లే పెద్ద. మునగాల సంస్థానంలో దివానుగా ఉంటూనే 1906లో విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించిన దార్శనికుడాయన. ఆ గ్రంథమాలలో తొలి కుసుమం 1907లో వెలువడిన ‘అబ్రహాం లింకన్ చరిత్ర’. దాని రచయిత హరిసర్వోత్తమరావే. కనుక లక్ష్మణరావుకు ఆ కలం బలం ముందే తెలుసు. జమీందారు కొలువులో ఉన్న వ్యక్తి రాజద్రోహ ముద్ర పడినవానిని దగ్గరకు తీయడం సాహసమే. లక్ష్మణరావు వెనుకాడలేదు.

ఆయన ఇచ్చినది దానం కాదు, పని. అదీ సామాన్యమైన పని కాదు. ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమనే బృహత్కార్యాన్ని ఆయన అప్పుడే తలకెత్తుకున్నారు. లోకంలోని శాస్త్రాలన్నిటినీ అకారాది క్రమంలో తెలుగున నిలపాలని సంకల్పం. ఆంగ్లంలోని విషయాన్ని గ్రహించి, తగిన తెలుగు మాట లేనిచోట కొత్త మాట కూర్చి, సామాన్యునికి బోధపడేలా రాయగలవారు అందుకు కావాలి. మల్లంపల్లి సోమశేఖరశర్మ వంటి విద్వాంసులు పాలుపంచుకున్న ఆ కృషిలో హరిసర్వోత్తమరావుకూ చోటు లభించింది. మూడేళ్లు ఖైదీగా బతికిన వ్యక్తి మరల పండితుడై పండితుల నడుమ కూర్చున్నారు. మనిషి కోల్పోయిన గౌరవాన్ని అతని విద్య ద్వారానే తిరిగి అందించడం లక్ష్మణరావు ఔదార్యంలోని విశేషం. జాలిపడి కొంత ధనమిచ్చి పంపివేసి ఉంటే ఆ ఫలితం కలిగేది కాదు.

నిలదొక్కుకున్న హరిసర్వోత్తమరావు మళ్లీ ప్రజాజీవితంలోకి వచ్చారు. ఆంధ్రపత్రిక దినపత్రికకు సంపాదకత్వం వహించారు. అనిబిసెంట్ 1916లో ప్రారంభించిన హోంరూల్ ఉద్యమానికి తెలుగునాట నిర్వాహకులలో ఒకరైనారు. చెరసాల ఆయనను భయపెట్టలేకపోయిందనడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

1923లో లక్ష్మణరావు అకాలమరణం పొందారు. విజ్ఞాన సర్వస్వం మూడు సంపుటాలు వెలువడినా ‘అ’కారాన్ని దాటలేదు. హరిసర్వోత్తమరావు మాత్రం విజ్ఞానాన్ని పల్లెలకు చేర్చే మార్గంలోనే సాగిపోయారు. 1934లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘానికి అధ్యక్షులై ఊరూరా పుస్తకాలయాలకు ప్రోత్సాహమిచ్చారు. అక్షరం రాని పెద్దల కోసం వయోజన విద్యను ఉద్యమంగా నడిపారు. 1960 ఫిబ్రవరి 29న కన్నుమూసేనాటికి ఆయన చెర వీడి నలభై తొమ్మిదేళ్లు.