తొలి దళిత ముఖ్యమంత్రి దామోదరం సంజీవయ్య: ఇరవై ఆరు నెలల పాలన

1960 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రెండో ముఖ్యమంత్రిగా దామోదరం సంజీవయ్య బాధ్యతలు స్వీకరించారు. అప్పటికి ఆయనకు 39 ఏళ్లు నిండడానికి ఇంకా నెల రోజుల వ్యవధి ఉంది. గణతంత్ర భారతంలో ఒక దళితుడు రాష్ట్ర ప్రభుత్వాధినేత కావడం అదే మొదటిసారి. రెండేళ్ల రెండు నెలల అనంతరం, తన పార్టీ ఎన్నికల్లో విజయం సాధించిన తరువాత ఆయన ఆ పదవిని విడిచిపెట్టారు. ఆ స్వల్ప కాలంలో ఆయన ఏమి చేశారన్నది ఎంత ముఖ్యమో, పదవి ఆయనకు ఎలా వచ్చింది, ఎలా పోయింది అన్నది కూడా అంతే ముఖ్యం. ముఖ్యమంత్రి పీఠం బలమూ, దాని పరిమితీ రెండూ ఆయన జీవితంలో స్పష్టంగా కనిపిస్తాయి.

సంజీవయ్య 1921 ఫిబ్రవరి 14న కర్నూలు సమీపంలోని పెదపాడు గ్రామంలో సుంకులమ్మ, మునిదాసు దంపతులకు జన్మించారు. సెంటు భూమి లేని కుటుంబం. నేత పని, కూలి పనులే జీవనాధారం. బిడ్డ పుట్టిన కొద్ది రోజులకే తండ్రి కన్నుమూశారు. కుటుంబం కొంతకాలం మేనమామ ఊరు పాలకుర్తిలో తలదాచుకుని, తిరిగి పెదపాడుకు చేరింది. అంటరానితనం ఊరి బావి నుంచి బడి దాకా వ్యాపించి ఉన్న ఆ రోజుల్లో, ఆ ఇంటి పిల్లవాడు అక్షరాలు దిద్దడమే విశేషం. కర్నూలు పురపాలక ఉన్నత పాఠశాలలో చదువు పూర్తి చేసిన సంజీవయ్య, అనంతపురం దత్తమండల కళాశాలలో గణితం, అర్థశాస్త్రం ప్రధానాంశాలుగా 1942లో పట్టభద్రుడయ్యారు.

యుద్ధకాలంలో చిన్న ఉద్యోగాలతో కుటుంబాన్ని పోషించుకుంటూ వచ్చిన ఆయన, ఆ తరువాత మద్రాసు న్యాయ కళాశాలలో చేరారు. పాఠాలు చెప్పి ఖర్చులు వెళ్లదీసుకుంటూ 1948లో న్యాయశాస్త్ర పట్టా పొందారు. న్యాయవాదిగా నమోదైన 1950లోనే తాత్కాలిక పార్లమెంటులో సభ్యత్వం లభించింది. 1952 తొలి సాధారణ ఎన్నికల్లో మద్రాసు శాసనసభకు ఎన్నికై, చక్రవర్తుల రాజగోపాలాచారి మంత్రివర్గంలో చోటు సంపాదించారు. 1953 అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడగా టంగుటూరి ప్రకాశం మంత్రివర్గంలో, అనంతరం బెజవాడ గోపాలరెడ్డి మంత్రివర్గంలో, 1956లో ఆంధ్రప్రదేశ్ అవతరించాక నీలం సంజీవరెడ్డి మంత్రివర్గంలో పనిచేశారు. నలుగురు ముఖ్యమంత్రుల దగ్గర పనిచేసిన ఆ ఎనిమిదేళ్లలో ఆయనకు పాలనా వ్యవస్థ లోతుపాతులు క్షుణ్ణంగా తెలిశాయి.

సంజీవరెడ్డి కాంగ్రెస్ అధ్యక్షుడిగా ఎన్నికై ముఖ్యమంత్రి పదవికి రాజీనామా చేయడంతో ఆ స్థానం ఖాళీ అయింది. రాజ్యాంగం 164వ అధికరణం ప్రకారం ముఖ్యమంత్రిని గవర్నరు నియమిస్తారు. మంత్రివర్గం శాసనసభకు సమష్టిగా బాధ్యత వహిస్తుంది. సభలో మెజారిటీ పక్షం ఎవరిని నాయకుడిగా ఎన్నుకుంటే వారే ముఖ్యమంత్రి. అయితే ఆనాటి కాంగ్రెస్‌లో ఆ ఎన్నిక వెనుక వర్గాల బలాబలాలు, ఢిల్లీ పెద్దల అభీష్టం పనిచేసేవి. భూమి, పలుకుబడి గల సామాజిక వర్గాల నాయకుల మధ్య పోటీ తీవ్రంగా ఉన్న వేళ, ఏ వర్గానికీ సొంత నాయకుడు కాని సంజీవయ్య అందరికీ అంగీకారయోగ్యులయ్యారు. ఆయనకు పీఠాన్ని తెచ్చిన ఆ సర్దుబాటులోనే దాని బలహీనతా ఉంది. తనకంటూ వర్గం లేని నాయకుడికి ఆ పీఠంపై కాపలా కాసేవారు కూడా తక్కువే.

అయినా ఆయన ఆ పదవిని అలంకారంగా భావించలేదు. వృద్ధాప్యంలో దిక్కులేని పేదలకు నెలనెలా పింఛను ఇచ్చే పథకాన్ని 1960లో ప్రవేశపెట్టారు. నేడు తెలుగు రాష్ట్రాల్లో ఏ ప్రభుత్వం వచ్చినా ముందుగా చర్చకు వచ్చే సామాజిక పింఛన్లకు మూలం అక్కడే ఉంది. ప్రభుత్వోద్యోగుల్లో లంచగొండితనాన్ని అరికట్టేందుకు 1961 జనవరిలో అవినీతి నిరోధక శాఖను ప్రత్యేక విభాగంగా నెలకొల్పారు. నిర్బంధ ప్రాథమిక విద్య లక్ష్యంగా 1961లో ప్రాథమిక విద్యా చట్టం వచ్చింది. హైదరాబాద్, సికింద్రాబాద్ నగరపాలక సంస్థలు ఒకే కార్పొరేషన్‌గా విలీనమైనది కూడా ఆయన హయాంలోనే, 1960లో.

భూమి విషయంలో ఆయన పాలన విజయాన్నీ, పరిమితినీ పక్కపక్కనే చూపుతుంది. భూమిలేని దళితులకు, ఇతర పేదలకు ప్రభుత్వ బంజరు భూములు పంచడాన్ని ఆయన తన ప్రధాన కార్యక్రమంగా చేసుకున్నారు. అలా పంచిన విస్తీర్ణం సుమారు 6 లక్షల ఎకరాలని చెబుతారు. అదే కాలంలో, 1961లో, వ్యవసాయ భూములపై గరిష్ఠ పరిమితి చట్టం కూడా వచ్చింది. కానీ భూమి తరగతిని బట్టి 27 ఎకరాల నుంచి 324 ఎకరాల వరకు ఉంచుకోవచ్చన్న ఆ చట్టం వల్ల పెద్ద కమతాలు పెద్దగా చెదరలేదు. మిగులు భూమిగా తేలింది స్వల్పమే. ప్రభుత్వం చేతిలోని బంజరును పంచడం ముఖ్యమంత్రికి సాధ్యమైంది. శాసనసభలోనూ, పార్టీలోనూ బలంగా ఉన్న భూస్వాముల పొలాన్ని పంచడం సాధ్యం కాలేదు. పరిమితిని గణనీయంగా తగ్గించే చట్టం రావడానికి 1973 వరకు ఆగవలసి వచ్చింది.

1962 ఫిబ్రవరి ఎన్నికల్లో 300 స్థానాల శాసనసభలో కాంగ్రెస్ 177 స్థానాలు గెలుచుకుంది. సంజీవయ్య కర్నూలు జిల్లా కోడుమూరు నుంచి ఎన్నికయ్యారు. సాధారణంగా అటువంటి ఫలితం తరువాత ఉన్న ముఖ్యమంత్రే కొనసాగాలి. కానీ సంజీవరెడ్డి ఢిల్లీ నుంచి రాష్ట్ర రాజకీయాల్లోకి తిరిగి వచ్చి, మార్చి 12న మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. సంజీవయ్యను ఓడించింది ప్రజలు కాదు, సభలో అవిశ్వాస తీర్మానమూ కాదు. పార్టీ నిర్ణయమే ఆయన పదవీకాలాన్ని ముగించింది. కొద్ది నెలలకే ఆయన అఖిల భారత కాంగ్రెస్ అధ్యక్షుడయ్యారు. సంజీవరెడ్డి విడిచిన పార్టీ అధ్యక్ష స్థానం సంజీవయ్యకు, సంజీవయ్య విడిచిన ముఖ్యమంత్రి స్థానం సంజీవరెడ్డికి దక్కాయి. కాంగ్రెస్ అధ్యక్ష పదవిని చేపట్టిన తొలి దళితుడు కూడా సంజీవయ్యే. గౌరవం పెద్దదే. అయితే రాష్ట్రంలో ఆయన ప్రారంభించిన పనులు అక్కడితో ఆయన చేయి దాటిపోయాయి.

1964 జూన్‌లో లాల్ బహదూర్ శాస్త్రి మంత్రివర్గంలో ఆయన కార్మిక, ఉపాధి శాఖ మంత్రిగా చేరారు. కార్మికులకు లాభనష్టాలతో నిమిత్తం లేకుండా కనీసం 4 శాతం బోనస్‌ను హక్కుగా చేసిన 1965 నాటి బోనస్ చెల్లింపు చట్టం ఆయన హయాంలోనే అమల్లోకి వచ్చింది. అప్పటి వరకు యజమాని దయ మీద, వివాదాల మీద ఆధారపడిన చెల్లింపుకు అలా చట్టబద్ధత ఏర్పడింది. తరువాత పరిశ్రమల శాఖ నిర్వహించారు. 1970లో మళ్లీ కార్మిక శాఖకు వచ్చారు. ఒప్పంద కార్మికుల నియంత్రణ, రద్దు చట్టం ఆ ఏడాదే వెలువడింది. కార్మిక సమస్యలపై ఆయన ఒక గ్రంథం కూడా రచించారు. కూలి పనులతో బతికిన ఇంట పుట్టిన వ్యక్తికి ఆ శాఖ కేవలం ఒక పదవి కాదు.

1971లో ఆయన రెండోసారి కాంగ్రెస్ అధ్యక్షుడయ్యారు. ఆ బాధ్యతల్లో ఉండగానే 1972 మే నెలలో ఢిల్లీలో గుండెపోటుతో మరణించారు. అప్పటికి ఆయన వయసు 51 ఏళ్లు.

ఆయన పేరు నేటికీ చాలా చోట్ల వినిపిస్తుంది. హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున సంజీవయ్య పార్కు ఉంది. విశాఖపట్నంలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఆయన పేరుతో నడుస్తోంది. సొంత జిల్లాలో హంద్రీ నదిపై ఉన్న గాజులదిన్నె జలాశయాన్ని సంజీవయ్య సాగర్ అని పిలుస్తారు. అయితే ఆయన కూర్చున్న పీఠం చరిత్ర వేరు. దేశంలో మరో దళితుడు, భోలా పాశ్వాన్ శాస్త్రి, ముఖ్యమంత్రి కావడానికి ఆరేళ్లు పట్టింది. అది 1968లో బిహార్‌లో. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గానీ, 2014 విభజన తరువాతి రెండు రాష్ట్రాల్లో గానీ సంజీవయ్య తరువాత దళిత ముఖ్యమంత్రి ఇంతవరకు రాలేదు. 1960లో తెరుచుకున్న ఆ తలుపు, ఆరు దశాబ్దాలు దాటినా తెలుగు నేలపై మళ్లీ తెరుచుకోలేదు.