మేల్కొన్న శిల: మహమూద్ ముఖ్తార్ జీవితం

కైరో విశ్వవిద్యాలయానికి పోయే విశాలమైన రాజమార్గంలో గులాబి వన్నె గ్రానైటుతో మలచిన ఒక మహాశిల్పం నిలచియున్నది. సింహశరీరమూ మానవముఖమూ గల స్ఫింక్స్ ముందుకాళ్లు నేలకు ఊది, తల పైకెత్తి లేవబోతున్నది. దాని ప్రక్కన ఒక పల్లెపడుచు నిటారుగా నిలుచున్నది. ఆమె ఒక చేయి స్ఫింక్స్ శిరస్సుపై ఉన్నది. రెండవ చేతితో తన మేలిముసుగును తొలగించుకొంటున్నది. పిరమిడ్ల చెంతనున్న ప్రాచీన స్ఫింక్స్ వేల సంవత్సరాలుగా పరుండియే ఉన్నది. దానిని లేవదీసిన ఈ శిల్పం పేరు ‘నహ్దత్ మిస్ర్’, అనగా ఈజిప్టు జాగృతి. దీనిని నిర్మించిన శిల్పి మహమూద్ ముఖ్తార్.

ముఖ్తార్ 1891వ సంవత్సరం మే 10వ తేదీన నైలునది డెల్టాలో, మహల్లా పట్టణానికి సమీపాన గల తన్బారా గ్రామంలో జన్మించారు. తండ్రి ఆ ఊరి పెద్ద. బాల్యంలో ముఖ్తార్‌కు కాలువగట్టే పాఠశాల. గట్టున కూర్చుండి తడిమట్టితో మనుషులను, పశువులను చేయడం ఆయనకు నిత్యకృత్యం. నీటికుండ తలపై నిలుపుకొని ఏటిగట్టు ఎక్కివచ్చే స్త్రీల నడక ఆ కళ్లలో అప్పుడే ముద్రపడినట్లున్నది. తరువాత పారిస్ నగరంలో ఎన్ని శిల్పరీతులు నేర్చినా, ఆయన ఉలి తిరిగితిరిగి ఆ స్త్రీల దగ్గరకే వచ్చింది.

పన్నెండేళ్లయినా నిండకముందే ఆయన కైరో చేరారు. 1908లో యూసుఫ్ కమాల్ అనే రాజకుమారుడు తన ఖర్చుతో ఆ నగరంలో ఒక లలితకళా పాఠశాలను నెలకొల్పారు. అందులో చేరిన మొట్టమొదటి విద్యార్థి బృందంలో పదిహేడేళ్ల ముఖ్తార్ ఒకరు. శిల్పాచార్యుడైన లాప్లాన్ అనే ఫ్రెంచి దేశీయుడు ఈ పల్లెటూరి బాలుని చేతివాటాన్ని త్వరలోనే గుర్తించాడు.

ముస్లిం దేశంలో విగ్రహాలు చెక్కే పాఠశాల ఎట్లా సాధ్యమైనదని మన విద్యార్థులలో కొందరికైనా సందేహం కలుగక మానదు. ఆ సందేహం ఆనాటి ఈజిప్టులోనూ ఉండెను. అయితే ఆ దేశపు ముఫ్తీగా ఉండి 1905లో దివంగతులైన ముహమ్మద్ అబ్దుహ్ సిసిలీ ద్వీప సందర్శన సందర్భంలో ఈ విషయాన్ని చర్చించి, ఆరాధనాభావమన్న ప్రమాదం లేనిచోట చిత్రాలూ ప్రతిమలూ గతకాలపు జ్ఞానాన్ని భద్రపరచే సాధనాలేనన్న అభిప్రాయం ప్రకటించియున్నారు. పండితుల మధ్య భేదాభిప్రాయం అప్పుడూ ఉన్నది, నేడూ ఉన్నది. దానిపై తీర్పు చెప్పే అర్హత ఈ వ్యాసకర్తకు లేదు. కాని ముఖ్తార్ ఉలి పట్టిన నాటికి ఆ ప్రశ్నను ఒక గొప్ప విద్వాంసుడు ఎదుర్కొని ఉన్నాడన్నది మాత్రం గమనింపదగినది.

1911లో రాజకుమారుని ఆర్థికసహాయంతో ముఖ్తార్ పారిస్ వెళ్లి, అక్కడి సుప్రసిద్ధ కళాశాలలో చేరారు. అనతికాలంలోనే ప్రపంచయుద్ధం వచ్చిపడినది. స్వదేశం నుండి రావలసిన సహాయం అడుగంటినది. పొట్టకూటి కోసం ఆయన దొరికిన పని చేయవలసి వచ్చెను. మైనపు బొమ్మల ప్రదర్శనశాలయైన మ్యూజే గ్రెవాఁలో ప్రసిద్ధుల ప్రతిరూపాలు తయారుచేయడం ఆ పనులలో ఒకటి. ఇది చిన్నపని అని కొందరనుకోవచ్చును. నా దృష్టిలో అది మంచి అభ్యాసం. వీధిన పోయేవాడు చూచీ చూడగానే మనిషిని గుర్తుపట్టేటట్లు చేయడం బహిరంగ శిల్పానికి తొలిపాఠం కదా.

1919 వచ్చింది. మన దేశంలో జలియన్‌వాలాబాగ్ రక్తసిక్తమైన సంవత్సరమే అది. ఆ మార్చి నెలలోనే బ్రిటిషు ప్రభుత్వం ఈజిప్టు ప్రజానాయకుడు సాద్ జగ్లూల్‌ను మాల్టా ద్వీపానికి ప్రవాసం పంపినది. దేశమంతా భగ్గుమన్నది. విద్యార్థులు, రైతులు, ముసుగులు ధరించిన గృహిణులు సైతం వీధులలోకి వచ్చారు. ముస్లిములూ కోప్టిక్ క్రైస్తవులూ భుజం భుజం కలిపి నడిచారు. దూరాన పారిస్‌లో ఉన్న ముఖ్తార్ ఆ వార్తలకు మట్టిలో రూపం కల్పించారు. లేవబోతున్న స్ఫింక్స్, ముసుగు తీస్తున్న రైతుపడుచు అట్లా పుట్టినవే. ఆ నమూనా 1920లో పారిస్ కళాప్రదర్శనలో గౌరవం పొందినది. రాయబారం నిమిత్తం ఆ నగరానికి వచ్చిన ఈజిప్టు నాయకులు దానిని కన్నులారా చూచి, ఇది కైరో నగరంలో నిలువవలసినదని నిశ్చయించుకొన్నారు.

ఇక్కడినుండి ఈ శిల్పచరిత్ర ఒక జాతి చరిత్రయే. అల్-అఖ్బార్ అనే పత్రిక చందాలకు పిలుపునిచ్చినది. ధనవంతులు ఇచ్చారు, అంతకు మించి పేదవారు ఇచ్చారు. పల్లెలనుండి చిల్లరనాణేలు వచ్చిపడగా మొత్తం 6,500 ఈజిప్టు పౌండ్లు సమకూడినది. అంతకుముందు కైరో కూడళ్లలో నిలిచిన విగ్రహాలు ఏలికలవి, సేనానులవి. వాటికి ఖర్చు పెట్టినదీ ఏలికలే. పేరులేని ఒక రైతుస్త్రీ విగ్రహానికి రైతులే డబ్బిచ్చుట ఆ దేశంలో ఎరుగని సంగతి.

ముఖ్తార్ అందుకు ఎన్నుకొన్నది అస్వాన్ గ్రానైటును. ఫరోల కాలపు శిల్పులు వాడిన రాయి అది. ఉలికి సులభంగా లొంగనిది. పెద్దపెద్ద దిమ్మలుగా దానిని కైరోకు తెచ్చి, చెక్కి, ఒకదానితో ఒకటి కూర్చవలసియుండెను. రాయి కఠినమే గాని, ప్రభుత్వ కార్యాలయాలు అంతకన్న కఠినమైనవి. చందా సొమ్ము చాలలేదు. 1924 చివర జగ్లూల్ మంత్రివర్గం పోయిన పిమ్మట పని కుంటుపడినది. ప్రజాప్రతినిధి సభలో ఈ శిల్పం పక్షాన నిలబడి వాదించినవారిలో ముఖ్యుడు వీసా వాసిఫ్. ఆయన కోప్టిక్ క్రైస్తవుడు. ముస్లిం శిల్పి చేసిన శిల్పానికి అల్పసంఖ్యాక వర్గీయుడు అండగా నిలిచాడన్నది మనవంటి కళాశాలలో చదువుకొనేవారు ప్రత్యేకించి గుర్తుంచుకోదగిన విషయం.

ఎట్టకేలకు 1928 మే 20వ తేదీన కైరో రైలుస్టేషను ఎదుట ఫువాద్ రాజు సమక్షంలో ఆవిష్కరణ జరిగినది. జగ్లూల్ దానిని చూడలేదు. ఆయన 1927 ఆగస్టులోనే కన్నుమూశారు. ఆ స్థలానికి మరియొక విశేషం కూడా ఉన్నది. 1923లో విదేశ మహిళాసభనుండి తిరిగివచ్చిన హుదా షారావి ఆ స్టేషనులోనే ముఖంమీది ముసుగు తొలగించి సంచలనం కలిగించింది. శిల్పి తన మట్టినమూనాలో ఆ కదలికను మూడేళ్లకు ముందే చూపియున్నాడు.

నహ్దత్ మిస్ర్ తరువాత ముఖ్తార్ చేయి మరింత పరిణతి చెందినది. ‘ఖమ్సీన్’ అనే సున్నపురాతి శిల్పంలో ఎడారి గాలికి ఎదురునడిచే ఒక స్త్రీ ఉన్నది. ఆమె దుస్తుల మడతలలోనే గాలి కనబడుతుంది. నన్నడిగితే ఆయన చిన్నశిల్పాలలో తలమానికం అదే. 1930లో పారిస్‌లో జరిగిన ఆయన శిల్పప్రదర్శన ప్రశంసలందుకొన్నది.

ఆ సంవత్సరమే జగ్లూల్ స్మారకంగా రెండు కంచువిగ్రహాల పని ఆయనకు అప్పగించబడినది. ఒకటి కైరోలో నైలువంతెన చెంత, రెండవది అలెగ్జాండ్రియాలో సముద్రతీరాన. కైరో విగ్రహంలో నాయకుడు ఎత్తయిన గ్రానైటు పీఠంపై నిలిచి, జనసమూహాన్ని ఉద్దేశించినట్లు చేయి చాచి ఉంటాడు. రాతిపీఠంలో ఫరోల కాలపు వాస్తురీతి. కంచులో మాత్రం కోటు తొడిగి టర్కీ టోపీ పెట్టిన, నిన్నమొన్నటి మనిషి. ఈ రెండింటిని అతుకు కనబడకుండా పొదిగిన నేర్పు ముఖ్తార్‌ది. కాని ఇంతలో మంత్రివర్గం మారినది. జగ్లూల్ పక్షానికి విరోధియైన సిద్కీ అధికారంలోకి వచ్చాడు. విగ్రహాల పనికి అడుగడుగునా ఆటంకాలు కలిగినవి. శిల్పి ఆరోగ్యం క్షీణించెను. 1934 మార్చి నెలలో, నలుబది మూడేళ్లయినా నిండకుండానే ముఖ్తార్ మరణించారు. తాను పోతపోయించిన జగ్లూల్ తన పీఠం ఎక్కగా చూచే భాగ్యం ఆయనకు లేకపోయెను. ఆ రెండు విగ్రహాల ఆవిష్కరణ 1938లో గాని జరుగలేదు.

ముఖ్తార్ శిల్పాలు చెల్లాచెదరు కాకుండా కాపాడేందుకు పూనుకొన్న మిత్రబృందానికి హుదా షారావియే అండ. 1955లో నహ్దత్ మిస్ర్‌ను స్టేషను ఎదుటినుండి తీసి విశ్వవిద్యాలయ మార్గానికి తరలించారు; ఆ ఖాళీలో రామ్సెస్ చక్రవర్తి ప్రాచీన విగ్రహాన్ని నిలిపారు. 2006లో పొగకూ రద్దీకీ భయపడి చక్రవర్తిని కూడా అక్కడినుండి గీజాకు తీసుకొనిపోయారు. రైతుపడుచు మాత్రం విద్యార్థుల త్రోవలోనే ఉన్నది. 1962లో కైరోలోని జజీరా ద్వీపపు తోటలో ముఖ్తార్ పేరిట ఒక ప్రదర్శనశాల తెరిచారు. ఆయన సమాధి అందులోనే ఉన్నది. ఆ భవనానికి రూపకల్పన చేసిన వాస్తుశిల్పి రామ్సెస్ వీసా వాసిఫ్, ఆనాడు సభలో శిల్పం కోసం వాదించిన వీసా వాసిఫ్ కుమారుడు.