సర్కారు వారి పాటకు వెళ్లని సొత్తు

గోడపత్రిక కోసం ఒక ప్రముఖుడి జీవితం రాయమని మేడమ్ చెప్పగానే మన క్లాసులో చాలామంది కవుల పేర్లు పంచేసుకున్నారు. నేను మూడో సాలార్‌జంగ్‌ను ఎంచుకున్నాను. ఆయన పేరు నిలిచింది కావ్యాల వల్ల కాదు, కొన్న వస్తువుల వల్ల. జీవితమంతా కొంటూనే ఉన్నారు. ఆయన పోయాక ఆ సొత్తంతా వేలంలో చెల్లాచెదురు కాకుండా ఎలా నిలిచిందో అదే ఇక్కడ చెప్పాలనుకుంటున్నాను.

నాందేడ్ వాళ్లకు ఆయనతో ఏం పని అనొచ్చు. 1956 దాకా మన ఊరు హైదరాబాద్ రాష్ట్రంలోదే. బిలోలి, దెగ్లూర్, ధర్మాబాద్ వైపు ఇళ్లలో ఇప్పటికీ తెలుగు వినబడుతోందంటే ఆ పాత పొత్తు కూడా ఒక కారణం. ఈయన తాత మొదటి సాలార్‌జంగ్, మీర్ తురాబ్ అలీఖాన్, 1853 నుంచి 1883 దాకా నిజాం దివాన్. మన ప్రాంతానికి జిల్లా, తాలూకా అనే పాలన పద్ధతి వచ్చింది ఆయన హయాంలోనే.

మూడో సాలార్‌జంగ్ అసలు పేరు మీర్ యూసుఫ్ అలీఖాన్. 1889 జూన్ 13న పుణెలో పుట్టారు. నెల తిరగకుండానే తండ్రి పోయారు. తండ్రి రెండో సాలార్‌జంగ్, ఆయన కూడా దివాన్‌గా చేసినవారే. అలా పొత్తిళ్లలోనే ఈ పిల్లవాడి మీద మూడు తరాల పేరు, పెద్ద జాగీరు వచ్చిపడ్డాయి. హైదరాబాద్‌లో నిజాం కాలేజీలో చదువుకున్నారు. 1912లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఆయన్ను దివాన్‌ను చేశారు. అప్పటికి వయసు 23 ఏళ్లే. 1914లో ఆ పదవి వదిలేశారు. మళ్లీ దాని జోలికి పోలేదు. పెళ్లి కూడా చేసుకోలేదు.

ఆ తర్వాత ముప్పై అయిదేళ్లు ఆయనకు వస్తువులే లోకం. యూరప్ తిరిగారు, పశ్చిమాసియా తిరిగారు. ఈ నవాబు మంచి వస్తువు కనబడితే వదలడని వ్యాపారులకు తెలిసిపోయింది. ఇక ఎక్కడెక్కడి నుంచో సరుకు పట్టుకుని వాళ్లే దివాన్ దేవిడీ గుమ్మం ఎక్కేవారు. వెనిస్ నగరాన్ని చిత్రించిన కెనలెట్టో పని, ఇటలీ చిత్రకారుడు హాయెజ్ గీసిన సబ్బు బుడగల బొమ్మ, అరచేతిలో పట్టే దక్కనీ, మొగలు సూక్ష్మచిత్రాలు, చైనా పింగాణీ, కత్తులు, గడియారాలు, చేతిరాత గ్రంథాలు, పిల్లల ఆటబొమ్మలు కూడా. టిప్పు సుల్తాన్‌కు ఫ్రాన్స్ రాజు పంపాడని చెప్పే దంతపు కుర్చీలు ఆయన చివరగా కొన్నవాటిలో ఉన్నాయంటారు.

అన్నీ ఆయనే కొన్నారనుకోవద్దు. ముసుగు రెబెకా శిల్పం తాతగారిది. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన ఆ పాలరాతి బొమ్మను మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నారు. పెళ్లికూతురి ముఖం మీద పల్చటి మేలిముసుగు, దాని వెనక కళ్లు, ముక్కు కనబడుతుంటాయి. ముసుగూ రాయే, ముఖమూ రాయే. ఇంకో వింత మెఫిస్టోఫిలిస్, మార్గరెట్టా. ఒకే చెక్కలో ముందు నుంచి చూస్తే గర్వంగా నిలబడ్డ దయ్యం, వెనక నుంచి చూస్తే తల వంచుకున్న పిల్ల. రెండూ ఒకేసారి కనబడేలా వెనక అద్దం పెట్టారు.

1949 మార్చి 2న ఆయన కన్నుమూశారు. నేరుగా వారసులు లేరు. హక్కు మాదంటూ వచ్చిన బంధువులు చాలామంది. ఇక్కడే అసలు ప్రమాదం.

వేలం అంటే మనకు కొత్తేం కాదు. చింతచెట్ల కాపు, చెరువులో చేపలు, సంత వసూళ్లు ఊళ్లో వేలం వేస్తారు. ముందు సర్కారు వారి పాట ఇంత అని మొదలుపెడతారు. పైన ఎవరు పాడితే వాళ్లది. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి, అయిపోయింది. లండన్‌లో పేరుమోసిన క్రిస్టీస్, సోత్‌బీస్ కంపెనీల్లో పాత చిత్రాలు, శిల్పాలు అమ్మేదీ ఇంచుమించు ఇదే పద్ధతి. సొంతదారు చనిపోయాక చిత్రాన్ని నలుగురూ నాలుగు ముక్కలు చేసుకోలేరు కదా. అందుకని అమ్మేసి డబ్బు పంచుకుంటారు. ఒక్కో వస్తువుకు ఒక్కో నంబరు వేస్తారు. ఒకటి అమెరికా పోతుంది, ఇంకోటి ఎవరి బీరువాలోకో పోతుంది. ఒక మనిషి నలభై ఏళ్లు పోగుచేసింది రెండు రోజుల్లో విడిపోతుంది. వస్తువులు ఎక్కడో ఒకచోట బతికే ఉంటాయి. అవన్నీ కలిసి ఒకచోట ఉండటమే పోతుంది.

ఇక్కడ అలా జరగలేదు. ఎస్టేట్ చూసుకోవడానికి ఒక కమిటీ వేశారు. అప్పటి హైదరాబాద్ పాలనాధికారి ఎం.కె. వెల్లోడి కళా విమర్శకుడు జేమ్స్ కజిన్స్‌ను పిలిపించి, వేర్వేరు భవనాల్లో పడి ఉన్న వస్తువులను మ్యూజియంగా సర్దే పని అప్పగించారు. 1951 డిసెంబర్ 16న దివాన్ దేవిడీలోనే నెహ్రూ దాన్ని ప్రారంభించారు. కానీ హక్కుల సంగతి తేలలేదు. 1958లో వారసులంతా కోర్టు ద్వారా రాజీకి వచ్చి ఆ సేకరణను భారత ప్రభుత్వానికి ఇచ్చేశారు. 1961లో పార్లమెంటు చట్టం చేసి దాన్ని జాతీయ ప్రాముఖ్యం ఉన్న సంస్థగా ప్రకటించింది. 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి మార్చారు. కళాఖండాలే 40,000కు పైగా ఉన్నాయి.

ఇలా తేలకపోతే ఏమయ్యేదో చెప్పడానికి అదే నగరంలో ఇంకో ఉదాహరణ ఉంది. నిజాం నగలను ట్రస్టు అమ్మాలనుకుంది. వ్యవహారం కోర్టుల్లో ఏళ్ల తరబడి నలిగి, చివరికి 1995లో 173 నగలను ప్రభుత్వమే దాదాపు 218 కోట్ల రూపాయలకు కొనాల్సి వచ్చింది. సాలార్‌జంగ్ సొత్తు మాత్రం జనానికి రాజీ ద్వారా దక్కింది.

ఇంకొక్క మాట చెప్పకపోతే ఈ జీవితకథ పొగడ్తగా మిగిలిపోతుంది. ఆయనకు అంత డబ్బు ఎక్కడిది? జాగీరు ఊళ్ల నుంచి. ఇప్పుడు కర్ణాటకలో ఉన్న కొప్పళ కూడా ఆ ఎస్టేట్‌లోదే. అక్కడి రైతు జొన్నచేలో చెమటోడ్చి కట్టిన శిస్తే వెనిస్ చిత్రమై, చైనా పింగాణీయై దేవిడీ గోడలకు, అల్మారాలకు చేరింది. ఆ రైతు జీవితంలో ఆ గుమ్మం లోపలికి అడుగు పెట్టి ఉండడు. ఆయన పోయిన అయిదారు నెలలకే, 1949 ఆగస్టులో, హైదరాబాద్‌లో జాగీర్ల రద్దు మొదలైంది. భూమి జాగీర్దారు చేయి దాటింది. వస్తువులు కూడా వేలానికి పోయి ఉంటే శిస్తు కట్టినవాళ్ల మనవలు, మునిమనవలు వాటిని కంటితో చూసే దారి కూడా ఉండేది కాదు. అందుకే ఆ 1958 రాజీని నేను నవాబు కుటుంబం చేసిన దానంగా మాత్రమే చూడలేను. బాకీలో కొంతయినా తీరిందని నాకనిపిస్తుంది. మీకు వేరేలా తోస్తే ఈ కాగితం పక్కనే రాసి అంటించండి, చదువుతాను.

సాలార్‌జంగ్ రుచి గొప్పదేనా అంటే, అన్నీ గొప్పవి కావు. మేలైన చిత్రం పక్కన మామూలు అలంకార వస్తువూ ఉంటుంది. ఏరి కొన్నట్టు కాక, మనసు పారేసుకుని కొన్నట్టు ఉంటుంది. అదే నాకు నచ్చింది. తండ్రిని చూడని పిల్లవాడు, పిల్లలు లేని పెద్దవాడు. ఇల్లు నింపుకున్న తీరు చూస్తే ఎవరికోసం అన్న ప్రశ్న ఆయనకూ వచ్చే ఉంటుందనిపిస్తుంది. జవాబు ఆయన పోయిన తొమ్మిదేళ్లకు దొరికింది.

హైదరాబాద్ వెళ్లే పని పడితే ఒక పూట అటు వెళ్లిరండి. శుక్రవారం మాత్రం మూసి ఉంటుంది. గంట కొట్టే వేళకు సంగీత గడియారం దగ్గర ముందే చోటు పట్టుకోండి. బొమ్మ మనిషి తలుపు తీసుకుని వచ్చి గంట కొట్టి వెళ్తాడు. అది చూడటానికి పిల్లలు, ముసలివాళ్లు, ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు అందరూ కలిసే కూర్చుంటారు.